పారమ్మ తినని ఉప్పు

ఓవర్సీరు పనిలో చేరబోయే కుర్రాళ్ళు ఈ మధ్య బరంపురంలో మా అరుగెక్కి కూర్చుంటున్నారు. గొలుసు ఎలా పట్టించాలి, లెవెలు ఎలా చూడాలి, దొరతో ఎలా మాట్లాడాలి అని అడుగుతారు. మొదటి రెండూ బడిలోనే నేర్పుతారు. మూడోది నాకు సర్వీసంతా రాలేదు, రాకుండానే రిటైరైపోయాను. ఇక నేను చెప్పగలిగింది ఏముందయ్యా అంటే, ఏ బడిలోనూ నేర్పనిది ఒకటుంది. అది రాస్తున్నాను. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు సిఫారసు చేశారు అన్న గోల ఇందులో ఉండదు. అది కావలసినవాళ్ళు మా తోడల్లుడి దగ్గరికి వెళ్ళండి, వద్దన్నా చెబుతాడు.

అసలు పని

మద్రాసు ప్రభుత్వం కింద గంజాం జిల్లా రోడ్ల మీద నా ఉద్యోగమంతా గడిచింది. రోడ్డు వేయడమంటే కంకర పోయడం అనుకుంటారు మీరు. కంకర కూలీలు పోస్తారు. మీ పని అంతకు ముందే ఉంది. కాగితం మీద ఎవరో గీసిన గీత ఎవరి దొడ్డిలోంచి పోతుందో, ఎవరి వంటగదిలోంచి పోతుందో ఆ ఇంటికి వెళ్ళి చెప్పాలి. ఆ మాట చెప్పేవాడే ఓవర్సీరు. దొర చెప్పడు, కలెక్టరు చెప్పడు. తిట్లు కూడా మీకే దక్కుతాయి.

కొత్తలో నేను దూరాన నిలబడి, గొంతు పెంచి, సర్కారు వారి ఉత్తరువు అని అరిచేసి వచ్చేసేవాణ్ణి. చిన్నవాణ్ణి, భయం. భయపడేవాడే గట్టిగా అరుస్తాడని మీకూ త్వరలోనే తెలుస్తుంది. పురుషోత్తంపూర్ దగ్గర ఒక ముసలాయన నా అరుపంతా విని, "అరిసినావు సరే, ఇలాగొచ్చి కూకో. ఏ గోడ ఎల్లిపోతాదో సేత్తో సూపించు" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను. చేత్తో చూపిస్తుంటే అరుపు దానంతటదే తగ్గిపోయింది. ఆ తరువాత ఏ ఇంటినైనా కూర్చోకుండా కొలవలేదు. మీరు కూడా కూర్చోండి, ఏదైనా ఇస్తే తాగండి. దానివల్ల పని ఆలస్యమవుతుంది, పై వాళ్ళు కసురుకుంటారు. కసురుకోనివ్వండి.

అలా కూర్చోబట్టే పారమ్మ కథ నాకు తెలిసింది.

సిపాయిల ఇల్లు

పాత్రపూర్‌కి అవతల, సంతకి పోయే బండిదారి వానాకాలంలో మునిగిపోయేది. దాన్ని తిన్నగా చేసి రోడ్డు వేయాలని నిర్ణయించారు. గీత గీస్తే సరిగ్గా ఒక మెరక మీదుగా పోయింది. ఆ మెరక మీద ఒకే ఒక్క ఇల్లు. ఊరికి దూరంగా, పొలాల నడుమ, మూరెడు మందం మట్టిగోడలు, పక్కన గాదె, వెనక పెరడు. చుట్టుపక్కల అందరూ దాన్ని సిపాయిల ఇల్లు అంటారు.

కంపెనీ వారి రోజుల్లో అక్కడొక జమీందారీలో అన్నదమ్ములు గద్దె కోసం కొట్టుకున్నారు. పరాయివాడితో యుద్ధమైతే ఒక రకం. ఇది అలా కాదు, ఒకే సంతలో బేరాలాడుకునేవాళ్ళు రెండు పక్షాలై చంపుకున్నారు. రెండువైపులా కూలికి వచ్చిన పాయికులు, అంటే కత్తీ తుపాకీ పట్టే భటులు, ఎక్కడెక్కడి నుంచో దిగారు. అన్నగారి మనుషులు ఈ ఇంటిని ఆక్రమించారు. ఎత్తు మీద ఉంది, గోడలు మందం. గోడలకి కన్నాలు పొడిచి తుపాకులు పెట్టారు. చుట్టూ వరిచేలలో యుద్ధం జరిగింది. అన్నగారి పక్షం ఓడిపోయింది. పారిపోతూ గాయపడ్డవాళ్ళను ఈ గాదెలో వదిలేసి పోయారు.

నేను వెళ్ళేనాటికి ఆ కన్నాలు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో కొడవలి దోపి ఉంది, ఇంకోదాంట్లో పిచ్చుకలు. చరిత్ర అంటే నాకు పెద్దగా ఆసక్తి లేదు. గోడ మందం రాసుకున్నాను.

ఇంటి యజమాని అప్పన్న అని యాభై దాటిన రైతు. గీత సంగతి చెప్పగానే నిట్టూర్చి, "నాకేటి బాబూ, ఊళ్ళో అన్నదమ్ముల పక్కన జాగా ఉన్నాది, కట్టుకుంటాను. మా యమ్మకి సెప్పండి, సూద్దారి" అన్నాడు. అలా అంటూనే నా వంక జాలిగా చూశాడు.

వాళ్ళమ్మ పారమ్మ. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. నడుం వంగింది గానీ నోరు వంగలేదు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఎండన పడి వచ్చానేమో గడగడా తాగబోయి ఆగిపోయాను.

"ఇదేమిటి మామ్మా, ఉప్పు వేయడం మరిచిపోయావా?"

"నా సేత్తో ఉప్పు ఎయ్యను బాబూ. కోడలు తెస్తాది, ఏసుకో."

కోడలు చిన్న ఆకులో ఉప్పు తెచ్చి పెట్టింది. పారమ్మ అటు చూడనైనా లేదు. ముసలివాళ్ళకి ఏవో మొక్కులుంటాయిలే అనుకున్నాను. కానీ ఆ మజ్జిగ తాగుతూ ఇల్లు తీసెయ్యాలని చెప్పాను చూడండి, ఆవిడకి వచ్చినంత కోపం నేనింతవరకు ఎవరి దగ్గరా చూడలేదు.

"ఓరి నాయనో! ఇల్లు తీసెత్తే ఆడి కోసం వొచ్చినోళ్ళు ఎక్కడికొత్తారు? ఎవుల్నడుగుతారు? సిపాయిలిల్లు ఎక్కడా అని అడిగితే, అదిగో రోడ్డు అని సూపిత్తావా?"

"ఎవరి కోసం మామ్మా? ఎవరు వస్తారు?"

అప్పన్న తల దించుకున్నాడు. ఆవిడ నాకెదురుగా వచ్చి కూర్చుంది. తరువాత చెప్పింది.

పారమ్మ చెప్పింది

"నానప్పటికి సిన్న గుంటని. పెళ్ళి సేసి పంపిసేసినారు, పలుపు కట్టడం కూడా రాదు నాకు. తుపాకులు పేలినప్పుడు ఆడోళ్ళమంతా గొడ్లసావిట్లో దాక్కున్నాం. పొద్దుగూకినాక సద్దు మణిగింది. గాదెలోంచి మూలుగులు. మా యత్త నా సేతికి గంజి ముంత ఇచ్చి, నువ్వు సిన్నదానివి, నిన్నేటీ సెయ్యరు, ఎల్లు అన్నాది. ఎల్లినాను.

"తిరగలి పక్కన ఒక కుర్రోడు పడున్నాడు. మీసమైనా రాలేదు. మాగుణి అని పేరు సెప్పినాడు. ఒడియావోడు, బోఉ, బోఉ అని అమ్మని పిలుత్తన్నాడు. నాకు ఒడియా అప్పుడప్పుడే వొత్తాది. గంజి నోటికి పెడితే రుచి సూసి మూతి తిప్పేసినాడు. ఏటిరా అంటే, ఉప్పున్నాది, వొద్దు అన్నాడు. ఆళ్ళు ఉప్పుమడుల కాడోళ్ళంట. ఈడు తిరిగొచ్చేదాకా ఉప్పు ముట్టనని ఆళ్ళమ్మ ఒట్టు పెట్టుకున్నాదంట. మా బోఉ తినకుండా నేను ఎలా తింటానే పిల్లా అన్నాడు. నవ్వినాడు బాబూ, ఆ నొప్పిలో. ఉప్పుమడుల్లో పుట్టి ఉప్పు తినకుండా సస్తన్నాను సూడు అని."

ఇక్కడ ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మళ్ళీ పరిగెత్తినాను. ఉప్పు లేని గంజి తెచ్చినాను. అది తాగినాడు. నా సెయ్యి అట్టుకుని, మా యమ్మకి సెప్పవా, తినమని సెప్పవా అన్నాడు. సెప్తాను అన్నాను. ఊరు పేరు అడగాలని తెలీలేదు, గుంటని కదా. తెల్లారేసరికి సచ్చిపోనాడు."

గెలిచినవాళ్ళకి తెలిస్తే ఇల్లు తగలబెడతారని మామ భయపడ్డాడు. పెరట్లో, బండిదారి వైపు దడికి దగ్గరగా, ఎవరూ చూడకుండా పాతిపెట్టారు. ఆ ఊసెత్తితే నాలుక కోస్తానని అత్త చెప్పింది. ఆ పిల్ల మాట ఎత్తలేదు. కానీ ఆ పూట నుంచి ఉప్పు ముట్టలేదు. కొట్టారు, బతిమాలారు, ఏదో గాలి సోకిందని మంత్రం వేయించారు. ముట్టలేదు.

"ఎక్కడో ఒక తల్లి నా మూలంగా సప్పిడి కూడు తింటన్నాది. సెప్తానని మాటిచ్చి సెప్పలేకపోనాను. ఆ యమ్మ ముట్టందే నానెలా ముడతాను బాబూ?"

"మామ్మా, ఆవిడ ఈపాటికి ఉంటుందా?"

"ఉండదు. అలాగే సచ్చిపోయుంటాది. అందుకే మరి. అయినోళ్ళెవరైనా ఎతుక్కుంటూ వొత్తారు కదా, ఎప్పుడో ఒకప్పుడు. ఇల్లుంటే కదా వొచ్చేది."

ఆ ఇంటి గోడల కొలతలు అప్పటికే నా సంచిలో ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. సిగ్గెందుకు, చెబుతున్నాను కదా, ఏడ్చాను.

అయ్యరు గారు

మా పై అధికారి తంజావూరు వైపునుంచి వచ్చిన అయ్యరు. మీకు దొరికే పై అధికారుల్లో కొందరు ముందు విని తరువాత కోప్పడతారు. వాళ్ళు ప్రమాదం. ఈయన ముందు కోప్పడి తరువాత వినేవాడు. అలాంటివాడు దొరికితే వదులుకోకండి.

గీత పక్కకి జరపాలని అడిగాను. పక్కన పల్లం, బురద నేల. కట్ట పోయాలి, తూము కట్టాలి. ఆయన ఎగిరిపడ్డాడు.

"మీరు ఓవర్సీరా, పురాణం చెప్పేవాళ్ళా? ఒక ముసలావిడ మజ్జిగ ఇస్తే రోడ్డు వంకర తిప్పేస్తారా?"

"మజ్జిగ ఇచ్చినందుకు కాదండీ. అందులో ఉప్పు లేనందుకు."

ఆయన కలం కింద పెట్టి, సరే, చెప్పి తగలడండి అన్నాడు. మొత్తం చెప్పాను. మాగుణి తల్లి సంగతి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపలేదు. చివరికి, "వానలు వెళ్ళేదాకా ఆ ముక్క మీద పని మొదలుపెట్టం. ఈలోపు పల్లం వైపు కూడా ఒకసారి కొలిచి చూడండి" అన్నాడు. లేచి వస్తుంటే వెనక్కి పిలిచి, "ఆ తల్లి మనుషులెవరైనా దొరుకుతారా? వెతికారా ఎవరైనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. గోడ కాపాడాలన్న ఆలోచనలో మనిషిని వెతకాలని తోచలేదు.

ఏ ఉప్పు?

వెతకలేదని కాదు, పారమ్మ వెతికింది. ఏటేటా పాత్రపూర్ వైపు ఉప్పు బళ్ళు వచ్చినప్పుడు మొగుణ్ణీ, ఆయన పోయాక కొడుకునీ తరిమి మరీ అడిగించింది. మాగుణి అని మీ మడుల నుంచి సిపాయిగా వెళ్ళినవాడి ఇంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. బళ్ళవాళ్ళు లేరనేవారు. ఎందుకు ఉంటారు? ఆ దక్షిణపు వైపు వాళ్ళకి ఉప్పంటే నౌపడా ఉప్పు. ఆ బళ్ళు నౌపడా నుంచే వస్తాయి. వాళ్ళ లెక్కలో లోకంలో ఉప్పుమడులు ఇంకెక్కడా లేవు. అప్పన్న ఒకసారి నౌపడాకి స్వయంగా వెళ్ళి మడుల వెంట తిరిగి కాళ్ళు పగలగొట్టుకుని వచ్చాడు.

నేనూ తక్కువ తినలేదు. నౌపడాలో నాకు తెలిసిన గుమాస్తాకి కబురు పెట్టి, జవాబు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. లేరన్నాడు. ఆ రోజు మా ఇంట్లో అన్నం తింటూ మా ఆవిడకి ఈ సంగతి చెబుతున్నాను. మాది టోకు వ్యాపారం చేసే కుటుంబం. మా నాన్న కొట్టులో బస్తాలు బస్తాలు ఉప్పు దిగేది. మా ఆవిడ గరిటె పట్టుకునే అంది:

"అదేటండీ, అమ్మని బోఉ అన్నాడంటున్నారు, నౌపడాలో ఎతకడమేటి? అక్కడంతా మన తెలుగోళ్ళే కదా. మన కొట్లోకొచ్చే ఉప్పు ఎక్కడిది?"

హుమ్మ ఉప్పు. రంభ ఊరికి పోయే దారిలో, సముద్రపు కయ్యల పక్కన. మడుల్లో పనిచేసేది ఒడియావాళ్ళు. ఆ బస్తాల మీద ఎక్కి ఆడుకుంటూ పెరిగాను నేను! తింటున్న చెయ్యి కడుక్కుని లేచిపోతానంటే, పెరుగు వేసుకుని వెళ్ళమని మా ఆవిడ కోప్పడింది.

హుమ్మలో ఎక్కువ వెతకనక్కర లేకపోయింది. మడి గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్ళని ఒడియాలో అడిగాను. మాగుణి పేరు చెప్పగానే మడిలో పని చేస్తున్న వనమాలి అని ఒకాయన పార కింద పెట్టాడు. జుట్టు నెరిసిన మనిషి. కాళ్ళకి ఉప్పు తెల్లగా పట్టి ఉంది.

"మాగుణి మా పెదనాన్న. నేను పుట్టకముందే పోయాడు. ఎందుకడుగుతున్నారు?"

చెప్పాను. ఆయన గట్టు మీద చతికిలబడ్డాడు. "మా నాయనమ్మకి కబురు తెలిసింది బాబూ. కూడా వెళ్ళినవాడొకడు కుంటుకుంటూ తిరిగొచ్చి చెప్పాడు, మాగుణి పడిపోయాడని. ఏడ్చింది. దినం నాడు పెద్దవాళ్ళు బలవంతాన ఉప్పు వేసిన అన్నం పెట్టారు. తింది. తరువాత చాలాకాలం బతికింది, నన్ను పెంచింది. మా వైపు పొఖాళొ అంటామే, ఆ చద్దన్నంలో ఉప్పు మరీ ఎక్కువేసుకునేది."

అంటే ఆ తల్లి నెల తిరక్కుండానే ఉప్పు తింది. ఇక్కడ ఈ పిచ్చితల్లి పసిపిల్లగా మొదలుపెట్టి ముగ్గుబుట్ట తల అయ్యేదాకా చప్పిడి మెతుకులు తింటూ కూర్చుంది. ఎవరి కోసం? ఈ మాట ఆవిడకి ఎలా చెప్పడం? చెప్పకుండా ఉంటే మేలేమో అని కూడా అనుకున్నాను.

వనమాలి మాత్రం వస్తానని పట్టుబట్టాడు. "మా నాయనమ్మకి ఒక్కటే దిగులుండేది. బిడ్డ పోతే పోయాడు, నోట్లో నీళ్ళు పోసే దిక్కైనా ఉందో లేదో అని. చచ్చేటప్పుడు కూడా అదే అంది. నీళ్ళు పోసిన చెయ్యి ఉందంటున్నారు, చూడకుండా ఎలా ఉంటాను?"

ఆయన వచ్చిన రోజు

బండి దిగి మెరక ఎక్కుతున్నంతసేపూ నేను కాళ్ళీడ్చాను. పారమ్మ గుమ్మంలో కూర్చుని గోగునార పేనుతోంది.

"మామ్మా, మాగుణి తమ్ముడి కొడుకు వచ్చాడు."

నార చేతిలోంచి జారిపోయింది. లేవబోయి లేవలేకపోయింది. వనమాలి వెళ్ళి ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆవిడ అతని మొహం రెండు చేతులా తడిమింది. పోలిక ఉందో లేదో, ఆ కళ్ళకి ఏం కనబడిందో తెలియదు.

"ఆడు బాధ పడలేదురా బాబూ," అంది ముందుగా, తెలుగూ ఒడియా కలిపి. "గంజి తాగినాడు. నా సేత్తోనే పోసినాను. నవ్వినాడు కూడానూ. ఆడొక్కడే లేడు, నానున్నాను పక్కన."

వనమాలి ఆ చేతిని పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అప్పన్న గోడవైపు తిరిగిపోయాడు.

తరువాత ఆవిడ అడిగింది, నేను భయపడిన ప్రశ్న. "మీ నాయనమ్మ... ఉప్పు?"

వనమాలి నా వంక చూశాడు. దారంతా నేను అతనికి నూరిపోశాను, ఏదో ఒకటి సర్ది చెప్పమని. అతను సర్దలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. కబురు తెలిసిందనీ, దినం నాడే తిందనీ, చాలాకాలం బతికిందనీ.

నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"తిన్నాదా?" అంది.

"తింది అమ్మా."

"నిజంగా తిన్నాదా? సప్పిడి కూడుతో సచ్చిపోలేదా?"

"చద్దన్నంలో ఎక్కువేసుకునేది. మేం నవ్వేవాళ్ళం."

"ఓలమ్మ ఓలమ్మా!" అంటూ పారమ్మ రెండు చేతులూ చరిచి నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. "తిన్నాదంట అప్పన్నా! ఇన్నావేటి? ఆ తల్లి సుకంగా తిన్నాదంట! ఓరి దేవుడో, నానెంత బెంగెట్టుకున్నాను!" తన బతుకంతా వృథాగా పోయిందన్న ఆలోచన ఆవిడ మొహం మీద ఎంత వెతికినా లేదు. ఆ లెక్క వేసుకున్నది నేనొక్కణ్ణే. ఆవిడ మోసిన బరువు ఆ తల్లి మోయలేదని తెలిసి, పండగ వచ్చినట్టు సంతోషించింది. ఆ పూట కోడలు చారు పోసి, ఉప్పు చాలిందా అత్తా అని అడిగితే, "సూడు, కాస్త ఎక్కువైనాది" అని విసుక్కుంటూ మొత్తం తాగేసింది.

వెళ్ళబోతుంటే నన్ను పిలిచింది.

"ఇంక ఇల్లు తీసేసుకో బాబూ."

నాకు ఒళ్ళు మండింది. "మామ్మా! నీ కోసం అయ్యరు గారితో తిట్లు తిని, బురదలో మోకాళ్ళ లోతు దిగి పల్లమంతా కొలిచాను. ఆయన ఒప్పుకున్నాడు, గీత పక్కకి జరిగింది. ఇల్లు ఉండిపోతుంది!"

"ఎందుకూ, ఎవులు రావాల? వొచ్చేసినారు కదా. ఊళ్ళో మనవలున్నారు, నానక్కడికి పోతాను."

"మరి పెరట్లో మాగుణి? ఇల్లు తీస్తే రోడ్డు ఆ దడి పక్కనుంచే పోతుంది. సమాధి కదిలించమంటావా? వనమాలి తీసుకుపోతాడా?"

వనమాలి ఆవిడ వంక చూశాడు, ఆవిడ చెప్పినట్టే అన్నట్టు. పారమ్మ కర్ర ఊతంతో పెరటి దడి దాకా నడిచింది. గడ్డి మొలిచిన ఆ చోటు దగ్గర నిలబడి, అవతల సంతకి పోయే బళ్ళ వైపు చూసింది.

"కదపకు. ఇన్నాళ్ళూ ముసిల్దాని ఊసులు తప్ప ఇంకేటీ ఇనలేదు ఆడు. కుర్రోడు కదా. రోడ్డు పడితే వొచ్చేపోయేవోళ్ళ మాటలు ఇనబడతాయి."

అయ్యరు గారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రోడ్డు మాత్రం తిన్నగానే వేశాం.